ముందు పాట, తర్వాత కెమెరా

కచేరీల ఫోటోలు తీయడమే వృత్తిగా పెట్టుకోవాలనుకునే యువతీయువకులు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ కెమెరా కొనాలి? ఏ కోర్సులో చేరాలి? రెండూ న్యాయమైన ప్రశ్నలే, వాటి దగ్గరికి కూడా వస్తాను. కానీ అంతకంటే ముందు మిమ్మల్ని మీరు అడగవలసింది ఒకటుంది. మీరు ఏ సంగీతం వింటున్నారు? ఎన్నాళ్లుగా వింటున్నారు? పాట మొదలవగానే అది ఎటు వెళ్తుందో మీకు తెలుస్తోందా? దీనికి జవాబు గట్టిగా చెప్పగలిగితే, ఎవరి దగ్గరా నేర్చుకోకపోయినా మీరు ఈ రంగంలో నిలబడగలరు. చెప్పలేకపోతే ఎంత ఖరీదైన కెమెరా కొన్నా మీ ఫోటోలు వందమంది తీసినట్టే ఉంటాయి.

ఈ మాట ఇంత ధైర్యంగా అనడానికి ఒక మనిషి జీవితం ఆధారం. ఆయన పేరు విలియం గాట్లీబ్.

గాట్లీబ్ 1917లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివాడు. ఫోటోగ్రఫీ చదవలేదు, సంగీతమూ చదవలేదు. కాలేజీ రోజుల్లో సరిగా ఉడకని పందిమాంసం తిని జబ్బుపడి మంచం పట్టాడు. ఆ సమయంలోనే ఒక స్నేహితుడి వల్ల జాజ్ సంగీతం పరిచయమైంది. కదలలేనివాడికి వినడం కంటే వేరే పనేముంటుంది? లేచి తిరిగేనాటికి ఆయన చెవి తయారైపోయింది. కాలేజీ పత్రికలో జాజ్ మీద రాయడం మొదలుపెట్టాడు. 1938లో పట్టా పుచ్చుకుని వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో ప్రకటనల విభాగంలో చేరాడు. అక్కడి సంపాదకులను ఒప్పించి జాజ్ గురించి వారం వారం ఒక శీర్షిక రాయడం మొదలుపెట్టాడు.

శీర్షికకు ఫోటోలు కావాలి. జాజ్ క్లబ్బులు తెరిచేదే రాత్రిపూట. రాత్రివేళ ఫోటోగ్రాఫర్‌ను పంపించే ఖర్చు తమ వల్ల కాదంది పత్రిక. గాట్లీబ్ శీర్షిక మానుకోలేదు. ఆ రోజుల్లో పత్రికలవాళ్లు వాడే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా ఒకటి సంపాదించి, దాన్ని వాడటం తనే నేర్చుకున్నాడు. చరిత్రలో మిగిలిపోయిన ఒక ఫోటోగ్రాఫర్ పుట్టింది అలాగే. ఫోటోల మీద మోజుతో కాదు, తను రాసే సంగీతాన్ని పాఠకుడికి చూపించాలన్న పట్టుదలతో.

ఆ కెమెరా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొత్తం పాఠం అందులోనే ఉంది. రెండు చేతులా పట్టుకుంటే తప్ప నిలవని పెద్ద పెట్టె అది. ఫిల్ము ఇప్పటివాళ్లకు తెలిసిన రీలులా ఉండదు, విడివిడి రేకులుగా ఉంటుంది. ఒక ఫోటో తీశాక ఫిల్ము పెట్టిన చట్రాన్ని బయటికి లాగి తిప్పి పెట్టాలి, లేదా మార్చాలి. ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోతుంది. వేడిగా ఉన్న ఆ బల్బును తీసి కొత్తది బిగించాలి. మళ్లీ షట్టర్ ఎక్కుపెట్టాలి, దూరం సరిచూసుకోవాలి. ఇదంతా చీకటి క్లబ్బులో, సిగరెట్ పొగలో, తాగుతూ మాట్లాడుకునే జనం మధ్య. పైగా ఫిల్ముకూ బల్బులకూ అయ్యే ఖర్చు ఆయన జేబులోంచే పోయేది. అందుకే ఒక రాత్రి మొత్తం మీద మూడు నాలుగు ఫోటోలకు మించి తీయగలిగేవాడు కాదు.

మూడు నాలుగంటే మూడు నాలుగే. ఈ లెక్కను ఒకసారి మీ ఫోన్ గ్యాలరీ పక్కన పెట్టి చూడండి. ఇవాళ ఒక పాట పూర్తయ్యేలోపు రెండు వందలు నొక్కేవాళ్లున్నారు. గాట్లీబ్‌కు ఆ అవకాశం లేదు కాబట్టి ఆయన చేయగలిగింది ఒక్కటే, వినడం. సోలో ఎక్కడ పైకెళ్తుందో, డ్రమ్ముల మనిషి ఎప్పుడు తలెత్తుతాడో, గాయని ఏ మాట దగ్గర కళ్లు మూస్తుందో ముందే కనిపెట్టి, ఆ క్షణం కోసం కాచుకుని ఉండి, అప్పుడు నొక్కడం. పాట తెలియనివాడికి ఇది అసాధ్యం.

ఫలితం ఎలా ఉందో చూడాలంటే 1947లో న్యూయార్క్‌లో డౌన్‌బీట్ అనే క్లబ్బులో ఆయన తీసిన బిల్లీ హాలిడే ఫోటో వెతకండి. ఆమె పాడుతోంది. తల కొంచెం వెనక్కి వాల్చి ఉంది, కళ్లు దాదాపు మూసి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది, గొంతు దగ్గరి నరం కూడా పాటలో పాలుపంచుకుంటున్నట్టుంది. ఆమె గొంతు ఎప్పుడూ విననివాడు కూడా ఆ ఫోటో చూసి ఆ గొంతులో ఎంత బాధ ఉండి ఉంటుందో చెప్పగలడు. అదే ఏడాది, అదే క్లబ్బులో తీసింది ఇంకొకటి ఉంది. ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ పాడుతుంటే ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిల్లెస్పీ పక్కన నిలబడి ఆమెకేసి పరవశంగా చూస్తున్నాడు. వెనకాల బేస్ వాయిస్తున్నది రే బ్రౌన్, ఆ ఏడాదే ఎల్లాను పెళ్లి చేసుకున్నవాడు. మామూలు ఫోటోగ్రాఫరైతే ఎల్లా ఒక్కదాన్నే తీసి ఊరుకునేవాడు. గాట్లీబ్‌కు తెలుసు, తోటి విద్వాంసుడు మైమరచి వినడమే ఆ పాటకు దక్కిన అసలు గౌరవమని.

మూడోది జాంగో రైన్‌హార్ట్ ఫోటో. 1946లో ఆ గిటార్ విద్వాంసుడు అమెరికా వచ్చినప్పుడు న్యూయార్క్‌లోనే తీశాడు. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో జాంగో ఎడమచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతో సోలోలు వాయించడం సాధన చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. గాట్లీబ్ తీసిన ఫోటోలో ఆ ఎడమచెయ్యి, ముడుచుకుపోయిన ఆ వేళ్లు గిటార్ మెట్ల మీద స్పష్టంగా కనిపిస్తాయి. కథ తెలిసినవాడికే చూపు ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు.

ఈ ఫోటోల్ని మీరు ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1995లో గాట్లీబ్ సేకరణ మొత్తాన్ని, అంటే 1,600కు పైగా ఫోటోల్ని కొనుక్కుంది. ఆయన కోరిక ప్రకారం 2010 ఫిబ్రవరి 16 నుంచి వాటి మీద ఎవరికీ హక్కులు లేకుండా ప్రజలకు వదిలేశారు. పెద్ద సైజులో దింపుకోవచ్చు. మీ మొదటి పాఠ్యపుస్తకం అదే అనుకోండి. రోజుకొక ఫోటో తెరిచి పెట్టుకోండి. అందులో ఉన్న కళాకారుడి పాట ఒకటి వెతికి వినండి. వింటూ ఆ ఫోటో చూడండి. గాట్లీబ్ అక్కడ నిలబడి ఆ క్షణాన్నే ఎందుకు ఎంచుకున్నాడో మీకే తెలుస్తుంది.

మన కచేరీలో చెవి చేసే పని

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ రవీంద్రభారతిలోనో, విజయవాడ తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో, మీ ఊరి రామాలయం పందిట్లోనో కర్ణాటక సంగీత కచేరీ జరుగుతోందనుకోండి. కళాకారులు కూర్చుని ఉంటారు, పెద్దగా కదలరు. తెర మీద తారల్లా ఎగిరి గంతులెయ్యరు. అందుకే చాలామంది ఇక్కడ తీయడానికి ఏమీ లేదనుకుని, గాయకుడి ముఖం మైకు వెనకాల పెట్టి నాలుగు ఫోటోలు తీసి వెళ్లిపోతారు. నా దృష్టిలో ఇంతకంటే సమృద్ధిగా ఫోటోలు దొరికే చోటు లేదు. కాకపోతే వినాలి.

గాయకుడికి ఎడమపక్క వయొలిన్, కుడిపక్క మృదంగం కూర్చోవడం ఆనవాయితీ. అంటే మీరు ఎదురుగా చూస్తే వయొలిన్ మీ కుడివైపున ఉంటుంది. ఆలాపన ముగించి వయొలిన్‌కు అప్పగించేటప్పుడు, స్వరకల్పన ఒక ఆవృతం పాడి వదిలేటప్పుడు గాయకుడు అటు తిరుగుతాడు. ఆ తిరిగిన ముఖం మీకు కావాలంటే హాల్లో కుడిపక్కకు ముందే చేరి ఉండాలి. పైగా అక్కడి నుంచి మైకు స్టాండు ముఖానికి అడ్డం రాదు. స్వరకల్పన చివరికి వచ్చేసరికి ఒక్కొక్కరి వంతు రానురాను కురచవుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం వేగమవుతుంది. ఇద్దరి ముఖాల్లోనూ చిరునవ్వు వచ్చేది అక్కడే. రాగం, తాళం తెలియకపోయినా ఈ వరస ఒక్కటి తెలిస్తే చాలు, మీ ఫోటోలు మారిపోతాయి.

మృదంగం తనియావర్తనం వచ్చేసరికి మన ఫోటోగ్రాఫర్లు చాలామంది కాఫీకి లేస్తారు. దయచేసి మీరు లేవకండి. తని ముగింపులో పెద్ద ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి కెమెరా దించుకుని వినండి. చెయ్యి ఎక్కడ పైకి లేస్తోందో, తల ఎక్కడ ఊగుతోందో గమనించండి. రెండోసారికి మీ చోటు సరిచూసుకోండి. మూడోసారి చివరి దెబ్బ దగ్గర గాయకుడు తాళం వేస్తూనే పల్లవి అందుకుంటాడు, హాలంతా చప్పట్లు కొడుతుంది. ఒకే దృశ్యం మూడుసార్లు జరగడం ఫోటోగ్రాఫర్‌కు దొరికే గొప్ప వరం. ఆటల ఫోటోలు తీసేవాళ్లకు ఇలాంటిది ఎన్నటికీ దొరకదు.

గాత్రం తీసేటప్పుడు తెలుగువాళ్లకు ఒక పెద్ద సౌకర్యముంది. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ కీర్తనలు తెలుగులో ఉన్నాయి. పాడేవారు తమిళులైనా, కన్నడిగులైనా, మలయాళీలైనా సాహిత్యం మన చెవికి మాటమాటగా అందుతుంది. ఏ మాట ఆకారంతో ముగుస్తుందో, ఏది 'మ'కారంతో పెదవులు మూసేస్తుందో మనకు ముందే తెలుసు. పెదవులు మూసుకున్నప్పుడు తీసిన గాయకుడి ఫోటో ఆవలింత ఆపుకుంటున్నట్టుంటుంది. ఆకారం మీద సంగతి పైషడ్జానికి చేరినప్పుడు తీసిన ఫోటోలో పాట వినిపిస్తుంది. డిసెంబరులో చెన్నై సభలకు వెళ్లి తీసే అవకాశం మీకు దొరికితే, ఈ బలం మీ పక్కనున్న చాలామంది ఫోటోగ్రాఫర్లకు లేదని గుర్తుపెట్టుకోండి.

డప్పు, ఒగ్గుకథ తీసేవాళ్లకు చెవి ఇంకో రకంగా పనికొస్తుంది. డప్పు కళాకారులు వాయించడానికి ముందు తోలు బిగువెక్కడానికి మంట దగ్గర డప్పులు కాచుకుంటారు. కాస్త కాచి, ఒక దెబ్బ కొట్టి విని, మళ్లీ కాచి, మళ్లీ వింటారు. తలవంచి తన డప్పును తనే వింటున్న కళాకారుడి ముఖం మీద పడే మంట వెలుగు కంటే మంచి లైటింగ్ ఏ స్టూడియోలోనూ కొనలేరు. ఆ ఫోటో కావాలంటే ఆట మొదలయ్యే వేళకు కాదు, గంట ముందు వెళ్లాలి.

ఒక అభ్యాసం చెబుతాను, తప్పకుండా చేయండి. వచ్చే కచేరీకి వెళ్లినప్పుడు నాలుగే నాలుగు ఫోటోలు తీస్తానని నియమం పెట్టుకోండి. ఐదోది తీయకూడదు. మొదట్లో చెయ్యి ఆగదు. అర్ధగంట గడిచాక వేలికి బదులు చెవి పనిచేయడం మొదలవుతుంది. ఇంటికొచ్చాక ఆ నాలుగూ బాగోకపోయినా పర్వాలేదు, మీరు ఆ కచేరీ విన్నారు. తర్వాతి కచేరీలో అది కనిపిస్తుంది.

కెమెరా సంగతి కూడా తేల్చేద్దాం, ఎక్కువసేపు అక్కర్లేదు. కెమెరా పాతదైనా, వాడినదైనా సరే. లెన్సు మాత్రం తక్కువ వెలుతురులో పనిచేసేది కావాలి. 50 మి.మీ. ఎఫ్1.8 లెన్సు చాలా కంపెనీల్లో చవగ్గా దొరుకుతుంది, అది చాలు. ఫ్లాష్ వేయకండి. గాట్లీబ్ కాలంలో వేరే దారి లేదు, ఇవాళ అది కళాకారుడి ఏకాగ్రతను చెడగొట్టడమే. ఐఎస్‌ఓ 3200 దాకా నిర్భయంగా పెంచండి. కూర్చుని పాడేవారికి షట్టర్ 1/125 సరిపోతుంది, డప్పుకు 1/500 అయినా కావాలి. చప్పుడు రాకుండా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే కొన్ని హాళ్లలోని ఎల్‌ఈడీ దీపాల కింద ఫోటో మీద చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి అప్పుడు 1/100కి దించి చూడండి. ఇక మిగతాదంతా ఆరు నెలల్లో దానంతటదే వస్తుంది. కోర్సు విషయానికొస్తే, దానికి పెట్టే డబ్బుతో రెండేళ్లపాటు కచేరీలకు టికెట్లు, రైలు ఛార్జీలు పెట్టుకోమనే నా సలహా.

తలుపు ఎలా తెరుచుకుంటుంది

ఎవరికీ తెలియని కుర్రాడిని గ్రీన్‌రూములోకి ఎవరు రానిస్తారు? ఇది అందరికీ ఉండే భయం. ఈ విషయంలో హెన్రీ డిల్ట్జ్ కథ ధైర్యమిస్తుంది. ఆయన అసలు వృత్తి బాంజో వాయించడం. మోడర్న్ ఫోక్ క్వార్టెట్ అనే బృందంలో ఉండేవాడు. 1966లో బృందమంతా ఊళ్లు తిరుగుతుండగా మిషిగన్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణం దగ్గర ఆగి సరదాకి పాత కెమెరాలు కొనుక్కున్నారు. లాస్ ఏంజెలెస్ తిరిగొచ్చాక స్నేహితులందరినీ కూర్చోబెట్టి ఆ స్లైడ్లను గోడ మీద వేసి చూపించాడు. ఆ స్నేహితులే కాలక్రమంలో అమెరికా అంతా వినే గాయకులయ్యారు. 1969 వుడ్‌స్టాక్ ఉత్సవానికి అధికారిక ఫోటోగ్రాఫర్ ఆయనే. వందల ఆల్బమ్ కవర్ల మీద ఆయన ఫోటోలున్నాయి. గాయకులు ఆయన్ని ఫోటోగ్రాఫర్‌గా చూడలేదు, తమ మనిషిగా చూశారు. అందుకే ఆయన కెమెరా ముందు ఎవరూ బిగుసుకుపోలేదు.

జిమ్ మార్షల్‌ది వేరే స్వభావం. శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగాడు, కోపిష్టి, ఎవరికీ తలవంచేవాడు కాదు. ఆయనా బడిలో నేర్చుకోలేదు. 1960లో సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ బర్క్‌లీకి దారి అడిగితే, దారి చెప్పడమెందుకు, నేనే తీసుకెళ్తానని కారెక్కించుకున్నాడు. కోల్ట్రేన్ వెళ్లింది రాల్ఫ్ గ్లీసన్ అనే సంగీత విమర్శకుడి ఇంటికి. అక్కడ మార్షల్ తీసిన ఫోటోల్లో కోల్ట్రేన్ ఆలోచనలో మునిగి ఉన్న ముఖం ఇవాళ్టికీ ఆ విద్వాంసుడి గుర్తుగా చలామణీ అవుతోంది. మార్షల్ 2010లో పోయాడు. రికార్డింగ్ అకాడమీ 2014లో ఆయనకు గ్రామీ ట్రస్టీల పురస్కారం ఇచ్చింది. ఒక ఫోటోగ్రాఫర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మీకు కారు లేకపోవచ్చు, బాంజో రాకపోవచ్చు. మీకు అందుబాటులో ఉన్న తలుపు వేరే ఉంది, అది పక్కవాద్యాలవారు. మన కచేరీల్లో వచ్చే ఫోటోలు తిరగేసి చూడండి. అన్నీ ప్రధాన కళాకారుడివే. ఘటం వాయించినవారు సగం కోసేసి కనిపిస్తారు, తంబూరా వెనకున్న శిష్యురాలు అసలే కనిపించదు. ముప్ఫై ఏళ్లుగా వేదికల మీద ఉన్న మృదంగ విద్వాంసుల దగ్గర కూడా ఫ్రేము కట్టించుకునే ఫోటో ఒక్కటి ఉండదు. అలాంటి విద్వాంసుణ్ణి ఒకరిని మీరు శ్రద్ధగా తీయండి. మర్నాడే పంపించండి. "గురువుగారూ, నమస్కారమండీ. నిన్న సాయంత్రం మీ తని విన్నాను. ఈ ఫోటో మీకోసం" అని రెండు ముక్కలు రాయండి, చాలు. ఏమీ అడగకండి. తర్వాతి కచేరీకి మీరు వెళ్తే ఆయనే పిలిచి, "రా నాయనా, లోపలికి రా" అంటారు. శ్రుతి చేసుకునేటప్పుడు, మృదంగానికి రవ్వ అద్దుకునేటప్పుడు మీరు పక్కనే ఉంటారు. సభ కార్యదర్శికి మీ పేరు చెప్పేదీ ఆయనే.

సినిమా సంగీతం లైవ్ షోల పద్ధతి వేరు. అక్కడ పాసు కావాలి. పాసు ఉన్నా చాలాచోట్ల మొదటి మూడు పాటలకే స్టేజీ ముందు నిలబడనిస్తారు, ఫ్లాష్ వేయనివ్వరు. మూడు పాటలంటే ఇంచుమించు పదిహేను నిమిషాలు. ఆ పాటలు మీకు నోటికి వచ్చి ఉంటే, హుక్ ఎక్కడ వస్తుందో, కోరస్‌కు ఎవరు ముందుకొస్తారో తెలిసి ఉంటే ఆ సమయం పుష్కలం. అమెరికాలో ఉన్న తెలుగు కుర్రాళ్లకు తానా, ఆటా వంటి తెలుగు సంఘాల మహాసభల్లో జరిగే సంగీత విభావరులు మంచి బడి. స్వచ్ఛందంగా పనిచేస్తామంటే కాదనేవారుండరు.

కడుపు నిండే దారి

ఇక్కడ మీతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడాలి. గాట్లీబ్ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి, తర్వాత న్యూయార్క్ వచ్చి డౌన్ బీట్ పత్రికలో చేరాడు. మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే ఫోటోలు చాలావరకు 1946, 48 మధ్య తీసినవే. 1948లో, ముప్ఫై ఒక్క ఏళ్ల వయసులో, పెళ్లాం పిల్లలున్న మనిషిగా ఆయన ఈ పని మానేశాడు. బడి పిల్లలకు పాఠాల ఫిల్ముస్ట్రిప్‌లు తయారుచేసే వ్యాపారంలోకి వెళ్లి అందులో స్థిరపడ్డాడు. పిల్లల పుస్తకాలు కూడా రాశాడు. జాజ్ ఫోటోలు పెట్టెల్లో ఉండిపోయాయి. 1979లో వాటితో 'ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ జాజ్' అనే పుస్తకం వచ్చింది. అప్పుడు లోకానికి తెలిసింది. ఆల్బమ్ కవర్లు, పోస్టర్లు, ప్రదర్శనలు, 1990లలో అమెరికా తపాలా శాఖ తెచ్చిన జాజ్ స్టాంపులు, అన్నిటికీ ఆయన ఫోటోలు కావలసివచ్చాయి. ముప్ఫై ఏళ్లు నిద్రపోయిన పని ఆయన్ని వృద్ధాప్యంలో ప్రపంచమంతా తిప్పింది. 2006లో పోయేనాటికి ఆయన పేరు జాజ్ విద్వాంసుల పేర్లతో సమానంగా వినిపించేది.

దీన్నిబట్టి నేను రెండు నిశ్చయాలకు వచ్చాను. మొదటిది, సంగీతం ఫోటోలే మీకు మొదటి ఏళ్లలో అన్నం పెట్టాలని పట్టుబట్టకండి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అరంగేట్రాలు తీయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, అక్కడి సన్నాయి మేళాన్ని కూడా శ్రద్ధగా తీయండి. క్రమంగా కళాకారుల పోర్ట్రెయిట్లు, సభల సావనీర్లు, సంగీతోత్సవాల బ్రోచర్లు, యూట్యూబ్‌లో పాట విడుదల చేసేవాళ్లకు కావలసిన కవర్ ఫోటోలు, ఇవన్నీ వస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. తీసిన ఫోటో మీ దగ్గరే ఉండాలి, హక్కు మీ పేరనే ఉండాలి. గాట్లీబ్ నెగటివులు పారేసి ఉంటే, లేదా పత్రికకు శాశ్వతంగా వదిలేసి ఉంటే, ఆ రెండో జీవితం లేదు.

మన చట్టం ఏమంటోందో తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మీ అంతట మీరు వెళ్లి తీసిన ఫోటోకు తొలి హక్కుదారు మీరే. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోనంతవరకు తొలి హక్కుదారు డబ్బిచ్చినవారే. ఈ రెండో సంగతి మన ఫోటోగ్రాఫర్లలో చాలామందికి తెలియదు. అందుకని సభవారు వెయ్యి రూపాయలిచ్చినా సరే, హక్కులు ఫోటోగ్రాఫర్‌వేనని, ఫలానా బ్రోచరుకు వాడుకోవచ్చునని ఒక ఈమెయిల్‌లోనైనా ముందే రాయించుకోండి. ఎవరికైనా హక్కు బదిలీ చేస్తే 19వ సెక్షన్ ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. 2012 సవరణ తర్వాత ఫోటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన మరో అరవై ఏళ్లు ఉంటుంది. అంటే మీ మనవల చేతికి వస్తుంది. హక్కు మీదే అయినా, కళాకారుడి ముఖాన్ని నగల దుకాణం ప్రకటనకో నూనె డబ్బాకో ఇచ్చే ముందు వారిని అడగడం మర్యాద, అవసరం కూడా.

ఇక దాచుకోవడం. ఫోటో తీసిన రాత్రే, నిద్రకు ముందే, రెండు హార్డ్ డిస్కుల్లో ఎక్కించండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి అక్కయ్యగారింట్లోనో స్నేహితుడింట్లోనో ఉంచండి. తేదీ, ఊరు, వేదిక, గాయకుడు, వయొలిన్, మృదంగం, ఘటం, తంబూరా ఎవరెవరో, ఏ రాగం నడుస్తుండగా తీశారో రాయండి. రాగం తెలియకపోతే పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడగండి, సంతోషంగా చెబుతారు. గాట్లీబ్ ఫోటోల్లో వెనక వరసలో ఉన్నవాడు ఎవరో కూడా ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఆయన రాతగాడు కావడమే కారణం. పేర్లు లేని ఫోటో ఇరవై ఏళ్లకు ఎవరికీ పనికిరాదు.

మన దగ్గర ఈ లోటు చాలా పెద్దది. ఒక తరం క్రితం ఊరూరా పాడిన హరికథకులు, నాదస్వర విద్వాంసులు, బుర్రకథ దళాలవారిలో ఎంతోమంది ఎలా ఉండేవారో చెప్పడానికి పాస్‌పోర్టు సైజు ఫోటో మాత్రమే మిగిలింది. వాళ్లు పాడుతుండగా తీసింది లేదు. మీరు పనిచేసేది ఈ ఖాళీలో. ఏడాదికొకసారి, సంక్రాంతికో ఉగాదికో, ఆ ఏడు తీసినవాటిలో మంచివి వంద ఏరి, పేర్లతో సహా ఒక ప్రతి మీ జిల్లా గ్రంథాలయానికో, దగ్గర్లోని సంగీత కళాశాలకో ఇవ్వండి. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తోంది. తిరుపతిలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది. ప్రిన్సిపాల్‌గారిని ముందుగా కలిసి, ఏ రూపంలో ఇస్తే వాళ్లకు దాచుకోవడం వీలవుతుందో కనుక్కుని, అందుకున్నట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి.